రాళ్ళలో ముఖాలు వెతికిన చిత్రకారుడు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మీ పిల్లల సాంఘికశాస్త్రం పుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? రాణీ రుద్రమ గుర్రమెక్కి ఉంటుంది. పోతన గారు తాటాకుల ముందు కూర్చుని ఉంటారు. ఆ బొమ్మ చూడగానే పిల్లలు రుద్రమ అంటే ఇట్లాగే ఉండేదనీ, పోతన అంటే ఈయనేననీ గట్టిగా నమ్మేస్తారు. పిల్లలేమిటి, మనమూ నమ్ముతాం. కాని ఒక్క మాట ఆలోచించండి. రుద్రమను చూసిన వాళ్ళెవరండీ ఇప్పుడు? ఆమె పోయి ఏడువందల సంవత్సరాలు దాటింది. ఆ రోజుల్లో ఫొటోలు లేవు. మరి ఆమె ముక్కు ఇట్లా ఉండాలి, చెవికి ఈ కమ్మ ఉండాలి, చీర ఇట్లా కట్టుకోవాలి అని నిర్ణయించింది ఎవరు? ఎవరో ఒక చిత్రకారుడు. ఆయన నిర్ణయమే మన కళ్ళకు చరిత్ర అయి కూర్చుంది.

అందుచేత చరిత్రను, పురాణాలను బొమ్మకట్టే చిత్రకారుడి బాధ్యత చాలా పెద్దది. మన ఎదురుగా కూర్చున్న మనిషిని గీస్తే పోలిక కుదిరిందో లేదో ఇంట్లో వాళ్ళే చెబుతారు. ఏనాడో పోయిన వాళ్ళను గీస్తే తప్పుపట్టే వాళ్ళే ఉండరు. ఆధారం కోసం ఆయన తనంత తాను వెతుక్కోవలసిందే.

జర్మనీ దేశంలో అడాల్ఫ్ మెంజెల్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. 1815లో పుట్టాడు. తండ్రి రాతి అచ్చు పని చేసేవాడు. 1832లో తండ్రి పోతే చిన్నవయసులోనే ఇంటి భారం ఈయన మీద పడింది. తర్వాత కొన్నేళ్ళకు, ఫ్రెడరిక్ అనే వెనకటి రాజుగారి చరిత్ర పుస్తకానికి సుమారు 400 బొమ్మలు వేశాడు. ఆ రాజు పోయి అప్పటికే అర్ధ శతాబ్దం దాటింది. మెంజెల్ ఏం చేశాడంటే, ఆ కాలపు సైనికుల దుస్తులను, ఆయుధాలను దగ్గర పెట్టుకుని, గుండీ గుండీ చూసి గీశాడు. కోటుకు ఎన్ని మడతలు, కత్తి ఒర ఏ పక్కన వేలాడుతుంది అన్న సంగతి తెలియకుండా కుంచె ముట్టలేదు.

ఆయనకంటే అట్లా దాచిపెట్టిన కోట్లూ కత్తులూ దొరికాయి. మన దేశంలో, అందులోనూ మన తెలంగాణాలో, చిత్రకారుడు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు తన జీవితమంతా జవాబు వెతికిన మనిషి గురించి ఈరోజు చెబుతాను. ఆయన పేరు కొండపల్లి శేషగిరిరావు గారు.

శేషగిరిరావు గారు 1924 జనవరి 27న పెనుగొండ గ్రామంలో పుట్టారు. పెనుగొండ అనగానే అనంతపురం వైపు పోకండి, అది వేరే. ఇది మహబూబాబాదు దగ్గర, మనవాళ్ళు మానుకోట అంటారే, ఆ పక్కది. అప్పుడు అదంతా నైజాం రాజ్యంలో వరంగల్లు జిల్లా. 2016లో మహబూబాబాదు వేరే జిల్లా అయింది. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైల్లో ఆ దారిన వెళ్ళిన వాళ్ళకు తెలుస్తుంది, కిటికీలోంచి చూస్తే గుట్టలు, బండరాళ్ళు, చెరువులు, ఎండాకాలం ముందు ఎర్రగా పూసిన మోదుగు చెట్లు. ఆ రాళ్ళూ ఆ గుట్టలూ ఆయన బొమ్మల్లో కడదాకా ఉన్నాయి.

ఆ రోజుల్లో పల్లెటూరి పిల్లవాడు బొమ్మలు గీస్తానంటే ఇంట్లో ఏమనేవారో వేరే చెప్పాలా? ఇప్పటికీ మనం అదేగా అంటున్నాం. లెక్కలు రావు గాని గోడ మీద ఏనుగులు మాత్రం వస్తాయి అని విసుక్కుంటాం. శేషగిరిరావు గారి అదృష్టం ఏమిటంటే, ఆయన చేతిలో ఉన్న విద్యను పెద్దవాళ్ళు గుర్తించారు. ముఖ్యంగా నవాబు మెహదీ నవాజ్ జంగ్ గారు. హైదరాబాదులో ఉన్న వాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. తర్వాత 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మొట్టమొదటి గవర్నరు అయినదీ ఆయనే. అంతటివాడు ఒక పల్లెటూరి కుర్రవాడి బొమ్మల వంక చూసి, ఆదరించి, చిత్రకళ చదువుకునే దారి చూపించాడు. హైదరాబాదు చిత్రకళా పాఠశాలలో చదువు అట్లా సాగింది.

తర్వాత ఆయన శాంతినికేతనం వెళ్ళారు. అక్కడ నందలాల్ బోసు గారి శిష్యరికం. మన రాజ్యాంగం మూలప్రతిని చిత్రాలతో అలంకరించినది ఈ నందలాల్ గారూ, ఆయన శిష్యులూనే. 1938లో హరిపురాలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు గాంధీగారు కోరితే, రైతునూ, వడ్రంగినీ, వంటచేసే ఇల్లాలినీ, డోలు వాయించే వాడినీ గీసి పందిళ్ళకు కట్టించారాయన. గొప్ప బొమ్మకు గొప్పవాడే ఉండనక్కరలేదని ఆ బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

మనకు పనికివచ్చే విషయం ఇంకొకటి ఉంది. శాంతినికేతనంలో ఆల్పన, అంటే బెంగాలీ ఇల్లాళ్ళు బియ్యప్పిండితో నేల మీద వేసే ముగ్గు, చిత్రకళలో ఒక పాఠం. నందలాల్ గారి కూతురు గౌరీ భంజ అందులో ఆరితేరిన మనిషి, విద్యార్థులకు నేర్పించేది కూడా. చూశారా! మనం రోజూ వాకిట్లో చుక్కలు పెట్టి, ఆ చుక్కల చుట్టూ పిండి తెగకుండా తిప్పుతామే, అది చిన్న విద్య కాదు. రెండు వేళ్ళ మధ్య నుంచి పిండి ఒక్క తీరుగా జారాలి, గీత వణకకూడదు, మొదలుపెట్టిన చోటికి మళ్ళీ రావాలి. చిత్రకారులు ఏళ్ళ తరబడి సాధన చేసేది దీనికోసమే. మనకేమో అది పొద్దున్నే అయిపోయే పని.

అక్కడ శేషగిరిరావు గారు నేర్చుకున్న వాటిలో నీటిరంగులతో పొరలు పొరలుగా వేసే పద్ధతి ఒకటి. కాగితం మీద పలుచగా రంగు వేస్తారు. దాన్ని నీళ్ళలో తడుపుతారు. ఎక్కువైన రంగు పోతుంది, మిగిలింది కాగితంలోకి ఇంకుతుంది. ఆరిన తర్వాత మళ్ళీ రంగు, మళ్ళీ తడపడం. తెల్లచీరకు నీలిమందు పెట్టేటప్పుడు ఒక్కసారే చిక్కగా వేస్తే మరకలు కడుతుంది కదా, పలుచగా రెండు మూడుసార్లు ముంచితే నిగ్గు వస్తుంది. ఇదీ అంతే. అందుకే ఆ బొమ్మల్లో రంగు అద్దినట్టు ఉండదు, లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది.

తిరిగి వచ్చి హైదరాబాదులో తాను చదువుకున్న కళాశాలలోనే ఉపాధ్యాయుడైనారు. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడితే ఆ కళాశాల అందులో భాగమైంది. 1984లో పదవీ విరమణ చేసేదాకా ఎన్నో తరాల పిల్లలకు పాఠం చెప్పారు. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం వంటి పేరుమోసిన చిత్రకారులు చదువుకున్నది ఆ కళాశాలలోనే. వైకుంఠం గారి బొమ్మల్లో పెద్దబొట్టు, ముదురురంగు చీర, నిండుగా తలలో పువ్వులు పెట్టుకున్న తెలంగాణా ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శకుంతల, దమయంతి వంటి పురాణ స్త్రీలను శేషగిరిరావు గారు చిత్రించారు. వీళ్ళను గీసిన వాళ్ళు అంతకు ముందు లేరా అంటే, బ్రహ్మాండంగా ఉన్నారు. రవివర్మ 1894లో అచ్చుయంత్రం పెట్టిన దగ్గరనుంచి లక్ష్మీ సరస్వతులు ప్రతి ఇంట్లోకీ వచ్చారు. ఆ మేలు మరిచిపోకూడదు, గుడిలోకి రానివ్వని వాళ్ళ ఇంట్లోకి కూడా దేవుడు నడిచి వచ్చాడు. అయితే ఆ బొమ్మల్లో చీరకట్టు ఎక్కువగా మహారాష్ట్రపు కట్టు, ఆ నగలు ఆ రోజుల్లోని సంపన్నుల ఇళ్ళలోని నగలు. మన పాతకాలపు తెలుగు స్త్రీ ఎట్లా నిలబడేది? జడ వేసుకునేదా, కొప్పు పెట్టేదా? నడుముకు ఏం కట్టుకునేది? ఈ ప్రశ్నలకు క్యాలెండరులో జవాబు లేదు. జవాబు రాళ్ళలో ఉంది. ఆ సంగతి తెలిసి కాకతీయుల శిల్పాన్ని ముందు పెట్టుకున్న చిత్రకారుడు మన శేషగిరిరావు గారు. రామప్ప శిల్పాలను చూసి గీశారు, వాటి అందం గురించి తెలుగులో వ్యాసాలూ రాశారు.

రామప్ప గుడి పాలంపేటలో ఉంది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉండేది, 2019లో ములుగు జిల్లాలోకి వచ్చింది. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. కట్టించిన వాడి పేరు కాకుండా చెక్కిన శిల్పి పేరే గుడికి నిలిచిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2021లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలుతాయని అందరూ చెబుతారు, వెళ్ళిన వాళ్ళు ముందు అదే అడుగుతారు. నేనైతే తల పైకెత్తి చూడమంటాను.

చూరు కింద నల్లరాతి ఆడబొమ్మలు వాలుగా నిలబడి ఉంటాయి. మదనికలంటారు. ఒకామె ఒంటి మీద పాములు. ఇంకొకామె చీర కొంగును ఒక కోతి లాగుతుంటే అదిలిస్తోంది. మరొకామె కాళ్ళకు ఎత్తు మడమల పాదరక్షలు! ఇప్పుడు కాలేజీ పిల్లలు వేసుకునే హైహీల్సు ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మన పాలంపేటలో ఉన్నాయంటే నమ్ముతారా? మెడలో హారాలు ఎన్ని వరుసలో, మొలనూలు ఎట్లా జారుతుందో, దండకడియం ఎక్కడ దాకా ఉందో లెక్కపెట్టుకోవచ్చు. నల్లరాతిని అంత సన్నగా చెక్కారు. మెంజెల్‌కు కోట్ల మీద గుండీలు ఎటువంటివో, మన చిత్రకారుడికి ఈ హారాలు అటువంటివి.

ఈ రాళ్ళు చిత్రకారుడికే పాఠం చెప్పి ఊరుకోలేదు. నటరాజ రామకృష్ణ గారు ఇవే శిల్పాలను, జాయప సేనాని రాసిన నృత్త రత్నావళిని దగ్గర పెట్టుకుని పేరిణి నృత్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. 1985లో శివరాత్రికి ఆ గుడి ముందే పేరిణి ఆడించారు. రాయి నుంచి ఒకరికి గీత వచ్చింది, ఇంకొకరికి అడుగు వచ్చింది.

భూపాలపల్లి వైపు వెళితే ఇంకా వెనక్కి పోవచ్చు. గణపురంలో కోటగుళ్ళు ఉన్నాయి, అవీ కాకతీయులవే, అక్కడా మదనికలున్నాయి. రేగొండ దగ్గర పాండవుల గుట్టలని ఎర్రటి ఇసుకరాతి కొండలు. 1990లో అక్కడి రాతిచరియల కింద ఆదిమానవులు వేసిన బొమ్మలు బయటపడ్డాయి. అడవిదున్న, లేడి, చిరుతపులి, చేతి ముద్రలు, ఎరుపు, పసుపు, తెలుపు రంగుల్లో. రాత రాకముందే ఆ కొండల్లో గీత ఉంది. మనం ఏదో బొమ్మలు పై నుంచి వచ్చాయనుకుంటాం గాని, మన గుట్టల్లో వేల సంవత్సరాలుగా ఉన్నాయి.

ఇక జనగామ వైపు రండి. జనగామకు చేరువలోనే చేర్యాల ఉంది. 2016 వరకు అదీ వరంగల్లు జిల్లాయే, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ వాళ్ళు పటాలు వేస్తారు. ఖద్దరుగుడ్డ తీసుకుని దానికి చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పూస్తారు. ఒకటికి రెండుసార్లు, మూడుసార్లు పూసి ఆరబెడితే గుడ్డ అట్టలా గట్టిపడుతుంది. దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీత, ఆపైన నిండుగా ఎరుపు నేపథ్యం, పసుపూ, నీలీ, గవ్వల తెలుపూ, దీపపు మసి నలుపూ. ఈ పనిలో చాలాభాగం ఇంటి ఆడవాళ్ళే చేస్తారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించడం దగ్గరనుంచి రంగులు నింపేదాకా వాళ్ళ చెయ్యి ఉంటుంది. పేరు మాత్రం బయట మగవాళ్ళదే ఎక్కువగా వినపడుతుంది.

ఒక్కొక్క పటం 40, 50 అడుగుల పొడవు ఉండేది. దాన్ని కర్రకు చుట్టుకుని ఊరూరా తిరుగుతూ ఒక్కొక్క గడి విప్పి కథ చెప్పేవాళ్ళు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వాళ్ళు చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం డక్కలి వాళ్ళు. ఏ కులానికి ఆ కులపు చరిత్ర, బొమ్మల్లో. చదువు చెప్పించుకోని వాళ్ళకు అదే చరిత్ర పుస్తకం. అందులో ఆడవాళ్ళ కట్టూ బొట్టూ, రోలూ రోకలీ, బండీ ఎడ్లూ అన్నీ ఆ ఊళ్ళవే. పురాణంలోని రాణి కూడా మన పక్కింటి అమ్మలాగే ఉంటుంది.

పటం పాతబడితే దాన్ని ఏటిలో కలిపేవాళ్ళు, మనిషికి చేసినట్టే మర్యాదగా. అది వాళ్ళ ఆచారం. కొత్త పటం వేయించుకునే రోజులు ఉన్నంతకాలం ఆ ఆచారంలో నష్టం లేదు. కాని సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది, కథ వినే వాళ్ళు తగ్గారు. కొత్త పటం అడిగే వాళ్ళు లేక, పాతది ఏటిపాలై, నకాషీ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అటువంటి సమయంలో ఇది బజారు బొమ్మ కాదు, గొప్ప చిత్రకళ అని చదువుకున్న లోకానికి చాటిచెప్పిన కొద్దిమందిలో శేషగిరిరావు గారు ఒకరు. శాంతినికేతనంలో చదివివచ్చిన ఆచార్యుడు, చేర్యాల గుడిసెలో చింతగింజలు రుబ్బే మనిషిని తోటి చిత్రకారుడుగా చూశాడు. ఇప్పుడు చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు ఉంది. జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి పనికీ ఉంది. హస్తకళల దుకాణాల్లో చిన్న చిన్న చేర్యాల బొమ్మలు గోడకు తగిలించుకునేటట్టు అమ్ముతున్నారు. కథ పోయి అలంకారం మిగిలిందని బాధపడే వాళ్ళున్నారు, చెయ్యి నిలిచింది కదా అని సంతోషించే వాళ్ళూ ఉన్నారు. రెండూ నిజమే.

1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆ సందర్భంగా తెలుగుతల్లి చిత్రాన్ని వేసింది శేషగిరిరావు గారే. భాషకు రూపం ఉంటుందా? ఉండదు. అయినా చిత్రకారుడు ఒక ముఖం ఇవ్వాలి, చీర కట్టాలి, చేతికి ఏదో అందించాలి. ఇటువంటి బొమ్మలు ఎంత బలమైనవో తర్వాత మన కళ్ళారా చూశాం. తెలంగాణా ఉద్యమం వచ్చినప్పుడు ఈ నేలకు వేరే తల్లి బొమ్మ కావాలన్నారు, పెట్టుకున్నారు. 2024 డిసెంబరులో సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం పెట్టినప్పుడు కిరీటం ఉండాలా వద్దా, నగలు ఎన్ని ఉండాలి అని ఎన్ని వాదాలు జరిగాయి! ఎవరి పక్షం న్యాయం అన్నది నా ప్రసంగంలో లేదు. నేననేది ఒక్కటే. తల్లికి నగ ఉండాలా వద్దా అని రాష్ట్రమంతా వాదించుకుందంటే, బొమ్మ అంటే ఆటవస్తువు కాదని తేలిపోయింది. మనం ఎవరమో మనకు చెప్పేది బొమ్మ.

మరి అంత విలువైన పనిని చేయగల పిల్లలు మన ఇళ్ళలోనే ఉంటారు. వాళ్ళను గుర్తించేది ఎవరు? అందరికీ నవాబులు దొరకరు. మొదట చూసేది తల్లి. నోటుపుస్తకం వెనకపేజీలో గీసిన గీతను మొదట చూసేది మనమే, మొదట చింపేదీ మనమే. పిల్లవాడికి చదువు వద్దని నేననను. రోజుకు ఒక అరగంట, ఒక పెన్సిలు, చెత్త కాగితమైనా సరే, ఇవ్వండి. ఆడపిల్లలకైతే ఇంకొంచెం గట్టిగా చెబుతాను. మగపిల్లవాడు గీస్తే చిత్రకారుడవుతాడేమో అంటాం, ఆడపిల్ల గీస్తే ముగ్గులు బాగా వేస్తుంది అని ఊరుకుంటాం. ఆ మాట దగ్గరే ఆపకండి.

సినిమాలోనో క్యాలెండరులోనో చూసి గీస్తుంటే కోప్పడనక్కరలేదు, చెయ్యి తిరగడానికి అదీ మంచిదే. ఆ తర్వాత ఎదురుగా ఉన్న దాన్ని గీయమనండి. మీ అత్తగారి కాళ్ళ కడియం, అటక మీది పాత ఇత్తడి బిందె, నానమ్మ కూర్చునే తీరు. ఈసారి మేడారం జాతరకు పోయినప్పుడు రామప్ప దారిలోనే ఉంది, గంటసేపు ఆగండి. సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకోండి, తప్పులేదు. ఒక మదనిక మెడలో హారాన్ని మాత్రం పిల్లలతో కాగితం మీద గీయించండి. ఫొటో తీస్తే గుడికి వెళ్ళామని గుర్తుంటుంది. గీస్తే ఆ హారానికి ఎన్ని పేటలో గుర్తుంటుంది.

ఇంకొక పని. పాత పెట్టెలు సర్దేటప్పుడు తాతల నాటి పటమో, చేతితో వేసిన బొమ్మో, పాత ఫొటోనో కనపడితే పాతసామానుల వాడికి తూకానికి వేసేయకండి. వెనక ఒక కాగితం అంటించి, ఎవరిది, ఏ ఊరిది, ఎప్పటిది అని రెండు ముక్కలు రాసిపెట్టండి. రేపు ఎవరైనా మన కాలపు ఆడవాళ్ళను గీయాలనుకుంటే వాళ్ళకు అదే ఆధారం. మనకోసం రామప్ప శిల్పులు రాతిలో దాచిపెట్టారు. మనం కనీసం ట్రంకుపెట్టెలో దాచిపెట్టగలం.

కొండపల్లి శేషగిరిరావు గారు 2012 జూలై 26న కన్నుమూశారు. ఎనభయ్యెనిమిది సంవత్సరాలు బతికిన ఆ మనిషి తన పల్లె గుట్టలను, పాలంపేట రాతిని, చేర్యాల గుడ్డను తన బొమ్మల్లోకీ, రాతల్లోకీ తెచ్చి మనకు చూపించి వెళ్ళారు. అవన్నీ ఇప్పటికీ మన చుట్టూనే ఉన్నాయి. వెళ్ళి చూసే తీరిక మనమే చేసుకోవాలి.